జావా పల్లెలో అరవై సెంట్ల మడి ఉన్న రైతు ఎలా బతుకుతాడు?

ప్రశ్న అడిగినవారు వ్యవసాయ విద్యార్థి. మధ్య జావాలో సోలో నగరం చుట్టుపక్కల, క్లాటెన్, స్రగెన్ వైపు ఒక వరి పల్లెలో ఒక పంటకాలం ఉండబోతున్నారు. అడిగినవి మూడు: అరవై సెంట్ల మడితో అక్కడి రైతు ఎలా నెట్టుకొస్తాడు, ఆ పొలం అసలు ఎవరిది, బయటి దేశంవాళ్లు అక్కడ భూమి కొనొచ్చా.

సూటిగా చెప్తాను. మడి ఒక్కటే దిక్కైతే బతకలేడు. మడి, పెరడు, పశువు, ఇతరుల పొలంలో కోత వాటా, పట్నం కూలి, విదేశంలో ఉన్న కూతురు పంపే డబ్బు, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. పొలం ఎవరిదన్న దానికి ఒక్క పేరు చెప్పి ఊరుకోలేం. ఒకే మడిలో పండిన ధాన్యం మీద యజమానికి, పాలుకు అంటే పంటలో వాటాకు సాగు చేసేవాడికి, కోతకు వచ్చినవాళ్లకి, నీరు వదిలే మనిషికి, ఒక్కోసారి తాకట్టు పట్టినవాడికి కూడా హక్కు ఉంటుంది. ఇక కొనడం సంగతి: విదేశీయుల పేర పూర్తి యాజమాన్య పట్టా రాదు. కాగితాల గురించి కింద రాశాను.

ముందు నేల రకాలు. నీళ్లు కట్టే వరి మడిని అక్కడ సావా అంటారు. వానాధారపు మెట్ట తెగాలన్. ఇంటి చుట్టూ ఉండే చెట్ల పెరడు పెకరాంగన్. సర్వే చేసేవాళ్లు చాలామంది సావా లెక్క రాసుకుని వెళ్లిపోతారు, పెరడును వదిలేస్తారు. దాంతో కుటుంబం లెక్క సగం తప్పుతుంది.

కొలతల దగ్గర కూడా జాగ్రత్త. కాగితం మీద హెక్టార్లు, చదరపు మీటర్లు ఉంటాయి కానీ ముసలివాళ్ల నోట 'బావు', 'రు' వస్తాయి. ఒక బావు దాదాపు 7,096 చదరపు మీటర్లు, అంటే మన ఎకరం ముప్పావు. రు అంటే 14 చదరపు మీటర్ల పైచిలుకు. క్లాటెన్, స్రగెన్ వైపు 'పాతొక్' అనే కొలత కూడా వినిపిస్తుంది. దాని విస్తీర్ణం ఊరూరికీ మారుతుంది కాబట్టి ఆ మాట వినగానే ఎన్ని మీటర్లని మళ్లీ అడగండి. అర హెక్టారు లోపు ఉన్న రైతును ప్రభుత్వ లెక్కల్లో 'పెతాని గురెం' అంటారు. జావాలో ఎక్కువమంది రైతులు ఆ కోవలోనే ఉంటారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పావు హెక్టారు మడి, అంటే 2,500 చదరపు మీటర్లు, మన 62 సెంట్లు. హెక్టారుకు 5.6 టన్నుల పచ్చి ధాన్యం వచ్చిందనుకోండి. మన మడికి 1,400 కిలోలు. కోతవాళ్లకి ఎనిమిదింట ఒక వంతు పోతే 175 కిలోలు తగ్గి 1,225 మిగులుతుంది. సగపాలైతే చేసినవాడి చేతికి వచ్చేది 612 కిలోలు. ప్రభుత్వం పచ్చి ధాన్యానికి 2025 జనవరి నుంచి ఇస్తున్న ధర కిలోకు 6,500 రూపియాలు. ఆ ధరకు అమ్మినా 39.8 లక్షల రూపియాలు. మన రూపాయికి సుమారు 190 రూపియాల చొప్పున చూస్తే ఇరవై ఒక్క వేలు. అది నాలుగు నెలల చాకిరీకి, అందులోంచి ఎరువు, దుక్కి ఖర్చు ఇంకా పోవాలి. మధ్య జావాలో 2025 రాష్ట్ర కనీస వేతనం నెలకు 21.69 లక్షల రూపియాలు. ఫ్యాక్టరీలో రెండు నెలలు పనిచేసినవాడి జీతం కూడా ఇతని నాలుగు నెలల వాటాను దాటేస్తుంది.

తిండి వైపు నుంచి చూడండి. నలుగురున్న ఇంటికి ఏడాదికి 400 కిలోల బియ్యం అనుకుంటే, పచ్చి ధాన్యం ఆరి, మిల్లాడి సగానికి కొంచెం పైగా బియ్యం అవుతుంది కాబట్టి 750 కిలోల పచ్చి ధాన్యం కావాలి. రెండు పంటల మీద సగపాలు రైతుకు వచ్చేది 1,225 కిలోలు. తిండికి పోగా మిగిలేది 475 కిలోలే. సొంత మడి అయితే ఇదే లెక్క బాగా మారుతుంది. అందుకే అక్కడ పదిహేను ఇరవై సెంట్ల సొంత మడి కూడా అమ్ముకోవడానికి ప్రాణం ఒప్పదు.

ఎరువు ఖర్చే రైతును ముంచుతుందని చాలామంది అనుకుంటారు. ఈ మడికి 60 కిలోల యూరియా, 75 కిలోల కాంప్లెక్స్ ఎరువు వేశాడనుకోండి. సబ్సిడీ యూరియా 2025 అక్టోబరులో కిలో 2,250 నుంచి 1,800 రూపియాలకు తగ్గింది, కాంప్లెక్స్ 2,300 నుంచి 1,840కి. మొత్తం రెండున్నర లక్షల రూపియాలు కూడా కాదు. అసలు బరువు నేల వాటా, మనుషుల కూలి. అయితే ఒక మెలిక ఉంది. సబ్సిడీ ఎరువు రైతు సంఘంలో సభ్యత్వం ఉండి, జాబితాలో పేరున్నవాళ్లకే, అదీ రెండు హెక్టార్ల వరకే. పాలుకు చేసేవాడి పేరు కాకుండా యజమాని పేరు జాబితాలో ఉంటే, ఎరువు కోసం కూడా యజమాని ఇంటి ముందు నిలబడాలి. ఊళ్లో అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: ఎరువు ఎవరి పేర వస్తుంది?

పాలు పద్ధతులు. సగం సగం అయితే మారో. చేసినవాడికి మూడింట ఒక వంతే అయితే మర్తెలు. నీరు బాగా అందే, రెండు పంటలు ఖాయంగా పండే మడికి పాలు అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చేసేవాడి వాటా తగ్గుతుంది. బీడు పడే ప్రమాదమున్న మడికి పెరుగుతుంది. విత్తనం, ఎరువు ఎవరు పెట్టాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. చాలాచోట్ల ఇద్దరూ చెరిసగం పెట్టుకుంటారు, లేదా కుప్ప మీద నుంచి ముందే తీసేసి మిగిలింది పంచుకుంటారు. ఈ రెంటికీ తేడా చాలా ఉంది. వాటా అడిగినప్పుడు 'సగమా' అని ఆగిపోవద్దు, 'ఏది తీసిన తర్వాత సగం' అని అడగండి.

చట్టం ఉంది. 1960 నాటి 2వ నంబరు చట్టం ప్రకారం పాలు ఒప్పందం గ్రామపెద్ద ఎదుట రాతపూర్వకంగా ఉండాలి, వరి మడికి కనీసం మూడేళ్లు, మెట్టకు ఐదేళ్లు ఉండాలి, భూమి పన్ను యజమానే కట్టాలి. పల్లెలో జరిగేది వేరు. అంతా నోటిమాట, పంట నుంచి పంటకు. కాగితం రాయమని అడిగినవాడికి మరుసటి పంటకు మడి దొరకదు. ఈ చట్టం గురించి గ్రామ కార్యాలయంలో అడిగితే నవ్వి ఊరుకుంటారు, తప్పుపట్టకండి. చేసేవాడు చాలావరకు యజమాని మేనల్లుడో తమ్ముడో అయి ఉంటాడు కూడా.

తాకట్టు. దీన్ని గడై అంటారు. డబ్బు అవసరమైనవాడు మడిని తాకట్టు పెడతాడు. డబ్బు తిరిగి కట్టేదాకా పంట తాకట్టు పట్టినవాడిదే, అదే వడ్డీ. ఇక్కడ తరచూ కనిపించే విచిత్రం ఏమిటంటే, తాకట్టు పెట్టినవాడే తన మడిని పాలుకు చేస్తుంటాడు. పట్టా మీద పేరు అతనిదే, దున్నేదీ అతనే, చేతికి వచ్చేది మాత్రం సగం. మీరు సర్వేలో 'సొంత భూమి' అని గీత కొట్టేస్తే ఇదంతా కనిపించకుండా పోతుంది. 1960 నాటి 56వ నంబరు శాసనం 7వ అధికరణ ప్రకారం ఏడేళ్లు దాటిన తాకట్టు మడిని డబ్బేమీ లేకుండా యజమానికి తిరిగి ఇచ్చేయాలి. ఏడేళ్ల లోపు విడిపించుకుంటే ఏడున్నర లోంచి గడిచిన ఏళ్లు తీసి, ఏడుతో భాగించి, తాకట్టు సొమ్ముతో హెచ్చవేస్తే కట్టాల్సింది వస్తుంది. రెండు కోట్ల రూపియాలకు పెట్టి నాలుగేళ్లయితే మూడున్నరను ఏడుతో భాగిస్తే సగం, కోటి కడితే చాలు. ఈ హక్కు వాడుకునేవాళ్లు అరుదు. మాట తప్పాడన్న పేరు వస్తే మళ్లీ అవసరానికి అప్పు పుట్టదని భయం.

కోత. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే, కొంచెం నిలిచి రాస్తాను. పాత పొడుగు రకాల కాలంలో వరిని ఆడవాళ్లు అని-అని అనే చిన్న కత్తితో కోసేవారు. అరచేతిలో ఇమిడే చెక్కముక్క, దాని అంచులో దిగేసిన సన్నటి బ్లేడు, అడ్డంగా వేళ్ల మధ్య నిలిచే వెదురు పుల్ల. ఒక్కొక్క వెన్నునూ వేళ్లతో లోపలికి లాక్కుని తెంపాలి. గంటలో కోసేది తక్కువే, కానీ ఊళ్లో ఎవరైనా వచ్చి కోయొచ్చు. కోసినదాంట్లో వంతు ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఆ వాటాను బావొన్ అంటారు. ఆరింట ఒకటి నుంచి పదింట ఒకటి దాకా ఉంటుంది, దగ్గరి బంధువుకు కాస్త ఎక్కువ, పరాయివాళ్లకు తక్కువ.

1960ల చివర పొట్టి రకాలు వచ్చాయి. వెన్నులన్నీ దాదాపు ఒకేసారి పండుతాయి, గింజ తేలిగ్గా రాలిపోతుంది. అని-అని పక్కకు జరిగి కొడవలి వచ్చింది, చేతుల సంఖ్య తగ్గింది. ఆ రకాల్లో పేరుమోసిన ఐఆర్ 8కి తల్లి పెతా అనే ఇండోనేషియా రకమే. అక్కడ 1967లో పీబీ 8 పేరుతో వచ్చిన ఈ వరి అదే రోజుల్లో మన గోదావరి మడుల్లోనూ దిగింది. ఆ పంటను చూసిన తాతలు మీ ఇంట్లో ఉంటే గింజ రాలడం గురించి వాళ్లే చెప్తారు.

కోతవాళ్ల వాటా తగ్గించుకోవడానికి యజమానులు రెండు దారులు పట్టారు. ఒకటి కెదోకన్. నాట్లు, కలుపు ఉచితంగా చేసినవాళ్లకే కోత హక్కు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది కానీ నాట్ల కూలి ఎగిరిపోయింది, అంతకుముందు కోత ఒక్కదానికే వచ్చిన వాటా ఇప్పుడు మూడు పనులకు వస్తోంది. రెండోది తెబాసన్. పంట మడిలో ఉండగానే వ్యాపారికి గుత్తగా అమ్మేయడం. అతను బయాన ఇచ్చి, తన సొంత ముఠాతో వచ్చి కోసుకుపోతాడు. ఊళ్లోవాళ్లకు వాటా ఇవ్వనన్న చెడ్డపేరు యజమానికి రాదు, వ్యాపారి మీదకు పోతుంది. ఇప్పుడు గొలుసు చక్రాల కోత యంత్రం కూడా వ్యాపారి వెంటే వస్తోంది. యంత్రం దిగలేని, దారిలేని చిన్న మడుల్లోనే బావొన్ కోతలు బాగా మిగిలాయి.

గుత్తకు అమ్మేటప్పుడు రైతు ఎక్కడ దెబ్బతింటాడంటే, దిగుబడి కంటితో అంచనా వేయడం దగ్గర. వ్యాపారి రోజుకు పది మడులు చూస్తాడు, రైతు ఏడాదికి రెండు. దీనికి గణాంక శాఖవాళ్లు వాడే పద్ధతే చాలు: మడి మధ్యలో రెండున్నర మీటర్ల చదరం కొలిచి, అందులో కోసి నూర్చి తూచండి, 1,600తో హెచ్చవేయండి. 3.5 కిలోలు వస్తే హెక్టారుకు 5,600. గట్ల విస్తీర్ణం తీసేయడం మరచిపోకండి. చదరాన్ని పంట బాగున్న మూల పెడితే అంకె పైకి, గట్టు పక్కన పెడితే కిందికి పోతుంది. ధర పడిపోతే బయాన వదులుకుని వెళ్లిపోయే వ్యాపారులూ ఉంటారు. ముదిరిన పంట మడిలో నిలబడి వానకు పడిపోతుంది. మొత్తం డబ్బు చేతికొచ్చాకే కోత అని ముందే మాట్లాడుకున్నవాళ్లు బాగుపడ్డారు.

ఊరి భూమి. గ్రామపెద్దకు, చరిక్ అనే కార్యదర్శికి, ఇతర గ్రామ ఉద్యోగులకు జీతం కింద ఇచ్చే మడిని బెంగ్కొక్ అంటారు. మన పాత కరణం, మునసబుల సర్వీసు ఈనాం గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. ఊళ్లో మంచి నీటి మడులు చాలావరకు ఇవే. ఉద్యోగి స్వయంగా దున్నడు. పాలుకో కౌలుకో ఇస్తాడు, కొన్నిచోట్ల ఏటా వేలం వేస్తారు. 2014 గ్రామ చట్టం, దాని వెంట వచ్చిన నిబంధనలు ఈ ఆదాయాన్ని పంచాయతీ ఖాతాలో వేయమన్నాయి. ఉద్యోగులు గోల పెట్టారు. 2015లో 47వ నంబరు నిబంధనతో దాన్ని అదనపు భత్యంగా తీసుకోవచ్చన్నారు. బెంగ్కొక్ చేసే కుటుంబానికి భయం ఎన్నికలప్పుడు. పెద్ద మారితే మడి పోతుంది. పదవీకాలం 2024 సవరణతో ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెరిగింది కాబట్టి గెలిచిన వర్గానికి ఎనిమిదేళ్లు నిశ్చింత, ఓడిన వర్గానికి ఎనిమిదేళ్లు కూలి.

పంటకాలం, నీరు. మన తొలకరి లెక్కతో జూన్‌లో వెళ్తే నాట్లు చూడలేరు. జావా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, వానలు అక్టోబరు, నవంబరుల్లో మొదలై ఏప్రిల్ దాకా. మొదటి వరి నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా, రెండో వరి మార్చి నుంచి జూన్ దాకా, మూడోది జులై నుంచి అక్టోబరు దాకా సోయా, వేరుశనగ, పెసర, మొక్కజొన్న. మన కార్తెల లాగే వాళ్లకీ ప్రనాతా మాంగ్సా అని పన్నెండు కాలాల లెక్క ఉంది. సురకార్తా, అంటే సోలో, రాజు ఏడో పాకుబువానా కాలంలో దాన్ని స్థిరపరచారు. జూన్ 22న మొదలవుతుంది, మొదటిది 41 రోజులు, కొన్ని 23 రోజులే. నవంబరు 9 ప్రాంతంలో మొదలయ్యే ఆరో కాలం, కానెం, 43 రోజులు. దుక్కి, నారు పని అందులోనే. ఇప్పుడు వానలు దాని మాట వినడం లేదని ముసలివాళ్లే అంటారు, అయినా నోట్లో ఆ పేర్లే నలుగుతుంటాయి.

నీరు వదిలే మనిషిని ఉలు-ఉలు అంటారు, మన నీరటి. జీతంగా మడి ఉండొచ్చు, పంటకు ఇంత అని ధాన్యం ఉండొచ్చు. పిల్లకాలువ మొదట్లో ఉన్న మడివాళ్లు ముందు నారు పోస్తారు. చివర ఉన్నవాళ్లకు నీరు రెండు మూడు వారాలు ఆలస్యం. నీళ్ల తగాదాగా మొదలయ్యే ఈ ఆలస్యం పంట ఎదిగేసరికి పురుగు తగాదా అవుతుంది. ఎలాగో కింద చూడండి. స్రగెన్, దాని పక్క జిల్లా ఙావి వైపు ఎండాకాలంలో బోరు పంపులతో మూడో వరి కూడా వేస్తున్నారు. పంపు ఉన్నవాడికి ధాన్యంలో వాటా ఇచ్చే పద్ధతీ ఉంది. నీటి సమస్య తీరినట్టే ఉంటుంది కానీ, ఏడాది పొడవునా వరి ఉంటే దోమకూ ఎలుకకూ పండగే.

నాట్లకు 15 నుంచి 20 రోజుల నారు, హెక్టారుకు 20 నుంచి 25 కిలోల విత్తనం. 25 సెంటీమీటర్ల చదరపు నాటు అయితే హెక్టారుకు లక్షా అరవై వేల కుదుళ్లు. ఇప్పుడు ప్రచారంలో ఉన్నది జాజర్ లెగొవో. రెండు వరుసల మధ్య 25 సెంటీమీటర్లు, వరుసలో కుదురుకు కుదురుకు పన్నెండున్నర, తర్వాత 50 సెంటీమీటర్ల ఖాళీ. కుదుళ్లు రెండు లక్షల పదమూడు వేలవుతాయి, ఖాళీ బాటల వల్ల గాలి, వెలుతురు తగిలి ప్రతి కుదురూ గట్టు పక్క కుదురులా పిలక వేస్తుంది. రైతులు ఎందుకు వెనకాడతారంటే నాటే ఆడవాళ్లు ఎక్కువ కూలి అడుగుతారు, నారు ఎక్కువ కావాలి, బాటల్లో కలుపు ఎక్కువ. వరుసలో దూరం తగ్గించకుండా బాట మాత్రం వదిలితే కుదుళ్లు తగ్గి దిగుబడి పడిపోతుంది. పద్ధతి పనిచేయలేదన్న చాలా మడుల్లో జరిగింది ఇదే.

తెగుళ్లు, ఎలుకలు. సుడిదోమను అక్కడ వెరెంగ్ అంటారు. 1976, 77ల్లో పంట తుడిచిపెట్టింది. 1984లో బియ్యం స్వయం సమృద్ధి సాధించామని చాటుకున్న రెండేళ్లకే మళ్లీ విరుచుకుపడింది. కారణం మందు కొట్టకపోవడం కాదు, ఎక్కువ కొట్టడం. మందు సాలీళ్లను, దోమను తినే పురుగులను ముందు చంపింది, దుబ్బుల మొదట్లో ఉన్న దోమ మిగిలి పెరిగింది. 1986లో అధ్యక్షుడి 3వ నంబరు ఉత్తర్వు వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి రైతులను వారం వారం మడిలో కూర్చోబెట్టి పురుగులను లెక్కపెట్టించే పొలంబడులు నడిచాయి. మన పొలంబడులకు మూలం అక్కడే. ఇప్పటికీ దోమ వచ్చిందంటే ముందు చూడాల్సింది మూడు: యూరియా ఎంత వేశారు, తొలి నెలలోనే మందు కొట్టారా, పక్క మడుల్లో నాట్లు ఎప్పుడు పడ్డాయి.

ఎలుకల విషయం నాట్ల తేదీ మీదే నడుస్తుంది. మడి ఎలుక వరి పొట్ట దశలో ఉన్నప్పుడే పిల్లలు పెడుతుంది. ఒక ఆయకట్టు అంతా రెండు వారాల్లో నాట్లు ముగిస్తే అది పిల్లలు పెట్టే కాలం చిన్నది. చివరి మడులు నెల ఆలస్యమైతే రెండో ఈతకూ మేత దొరుకుతుంది. గట్లు 30 సెంటీమీటర్లకు మించి వెడల్పు లేకుండా చూస్తే బొరియలు తవ్వలేదు. నాట్లకు ముందే ఊరంతా కలిసి బొరియలు తవ్వి చంపుతారు, దాన్ని గ్రొప్యొకన్ అంటారు. పంట ఎదిగాక చేస్తే ఫలితం తక్కువ. దెమాక్ జిల్లాలోని త్లొగొవెరు పల్లె మడుల్లో స్తంభాల మీద గూళ్లు కట్టి చావు గుడ్లగూబలను, అంటే బార్న్ ఔల్‌లను, పెంచి పేరు తెచ్చుకుంది. వీలైతే చూసి రండి. ఒక హెచ్చరిక: రాత్రిపూట మడి గట్ల మీద నడవకండి. ఎలుకల కోసం కరెంటు తీగ లాగే రైతులు ఉన్నారు, స్రగెన్, ఙావి జిల్లాల్లో దానికి తగిలి చనిపోయినవాళ్లు ఉన్నారు.

మూడో పంట సోయాకు దున్నరు. వరి కోసిన ఐదు రోజుల లోపు, తేమ ఆరకముందే, మోళ్ల పక్కన కర్రతో గుంత పొడిచి రెండేసి గింజలు వేస్తారు. వరుసల మధ్య 40 సెంటీమీటర్లు, గుంతల మధ్య 10 నుంచి 15. పైన గడ్డి పరుస్తారు. మూడు నుంచి ఐదు మీటర్లకొక కాలువ తీయకపోతే ఒక్క అకాల వానకు మొలక కుళ్లిపోతుంది.

ఇప్పుడు పెరడు. అరటి, కొబ్బరి, పనస, బొప్పాయి, మునగ, కర్రపెండలం, చేమ, కింద నీడలో అల్లం, పసుపు, కచ్చూరం జాతి కెంచుర్, కంచె పక్కన మెలింజొ చెట్టు. మెలింజొ గింజను వేయించి, దంచి పలుచగా చేస్తే ఎంపింగ్ అప్పడాలవుతాయి. రోజూ కాస్త నగదు తెచ్చే పని ఇది, ఎక్కువగా ఆడవాళ్ల చేతిలోది. పెరడు ఏటా పెద్దగా లాభం ఇవ్వదు కానీ ఏ వారమూ ఖాళీగా ఉంచదు. పశువులను వాటాకు పెంచే పద్ధతి గాదుహ్. ఆవును ఒకరు కొనిస్తే మరొకరు మేపుతారు, దూడలు వంతుల వారీగా ఒకసారి వీళ్లకు, ఒకసారి వాళ్లకు. కొవ్వు పట్టించి బక్రీదుకు అమ్మే ఎద్దు అయితే కొన్న ధర తీసేసి లాభం చెరిసగం. మేపేది ఎక్కువగా గట్ల మీద కోసుకొచ్చిన గడ్డి. కాబట్టి మడి లేనివాడికి కూడా మడి గట్టు ఆదాయమే. గట్టు గడ్డికి కలుపు మందు కొడితే మొదట అరిచేది వీళ్లే.

ఊళ్లో కొత్త పెంకుటిళ్లు, రంగు గోడలు కనిపిస్తే అవి వరి డబ్బుతో కట్టినవనుకోకండి. పొనొరొగొ, తులుంగాగుంగ్, బ్లితార్, చిలాచాప్ లాంటి జిల్లాల నుంచి ఆడవాళ్లు హాంకాంగ్, తైవాన్, మలేషియాలకు పనికి వెళ్లి పంపిన డబ్బు అది. ఆ డబ్బుతో తాకట్లు విడిపించుకున్నవాళ్లున్నారు, మడి కొన్నవాళ్లున్నారు. దాని వల్లే మడి ధర వరి ఆదాయంతో అందుకోలేనంత పైకి పోయింది. ఆస్తి పంపకం కూడా మడిని చిన్నది చేస్తోంది. మత పద్ధతిలో కొడుకుకు రెండు వాటాలు, కూతురుకు ఒకటి. పాత ఆచారంలో సమానం. ఇల్లు చాలావరకు తల్లిదండ్రులను చూసుకున్న చిన్న సంతానానికి. ఏది పాటించారో కుటుంబాన్ని బట్టి ఉంటుంది, పెద్దవాళ్ల ముందు అడగండి, అన్నదమ్ముల మధ్య అడగొద్దు.

కొనుగోలు, కాగితాలు. 1960 నాటి మూల భూచట్టం 21వ అధికరణ ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. విదేశీయులకు పరిమిత కాలపు వాడకపు హక్కు వరకే. స్థానికుడి పేరున కొని లోపల ఒప్పందం రాసుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 26వ అధికరణ ప్రకారం అది చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, డబ్బు తిరిగి రాదు. ఊళ్లో లెటర్ సీ పుస్తకం, గిరిక్ అనే పాత కాగితాలు చూపిస్తారు. అవి పన్ను రికార్డులు. 2021 నాటి 18వ నంబరు నిబంధన ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది, ఇక వాటిని హక్కు రుజువుగా లెక్కించరు. 2017 నుంచి ఊరూరా సామూహిక నమోదు చేసి పట్టాలు ఇస్తున్నారు. సర్వేలో 'పట్టా ఉందా' అని కాకుండా 'పట్టా ఎవరి పేరున, ఎక్కడ ఉంది' అని అడగండి. బ్యాంకులో తాకట్టు ఉన్నవి చాలా ఉంటాయి.

ఉండేటప్పుడు పాటించాల్సినవి. వచ్చిన 24 గంటల్లో ఆర్టీ పెద్దకు, అంటే పదుల సంఖ్యలో ఇళ్లున్న పేట పెద్దకు, చెప్పాలి. వీధి మొదట్లో బోర్డు కూడా ఉంటుంది. పెద్దవాళ్లను పాక్, బు అనండి, ముసలివాళ్లను మ్బాహ్, మీ ఈడువాళ్లను మాస్, మ్బాక్. సంతలు మన వారం లెక్కతో కాదు, లెగి, పాహింగ్, పొన్, వాగె, క్లివొన్ అనే ఐదు రోజుల చక్రంతో తిరుగుతాయి. విత్తనం, మేక, కొడవలి కొనాలంటే ఏ ఊరి సంత ఏ రోజో ముందు రాసుకోండి. పెళ్లికో సున్తీకో పిలిస్తే కవరులో డబ్బు పెట్టి, కవరు మీద మీ పేరు రాయాలి. ఇంటివాళ్లు ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసుకుంటారు, ఇచ్చినవాళ్లకు తామూ అంతే తిరిగి ఇవ్వాలి. ఎంత పెట్టాలో మీకు ఇల్లిచ్చిన ఆవిడను అడగండి. అతిగా పెడితే ఆ ఇంటికి బాకీ పెంచినట్టే.